పీఎస్ఏ ఎక్కువ వచ్చిందా? రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచి చికిత్స దాకా ఏం చేయాలి

"మా నాన్నకు పీఎస్ఏ 7 వచ్చింది, క్యాన్సరేనా?" "బయాప్సీలో గ్లీసన్ 7 అన్నారు, ఆపరేషన్ మంచిదా, కరెంటు (రేడియేషన్) పెట్టించడం మంచిదా?" "మామయ్యకు ఎముకలకు పాకిందట, ఇక లాభం లేదంటున్నారు, నిజమేనా?" ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి తిప్పి తిప్పి ఈ మూడు ప్రశ్నలే వస్తున్నాయి. పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రోటీన్, రక్తపరీక్షలో దాన్ని కొలుస్తారు. అడిగేవాళ్లు ఎక్కువగా కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు. పెద్దాయన మాత్రం "నాకేం కాలేదు, ఊరికే హడావుడి చేస్తున్నారు" అంటుంటారు.

ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఇంటివాళ్లు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం వరుస తప్పడం వల్ల జరిగేవే. ఎంఆర్ఐ తీయకుండానే ముక్క పరీక్షకు (బయాప్సీకి) వెళ్లడం, జబ్బు ఏ దశలో ఉందో తేలకముందే ఆపరేషన్‌కు తేదీ తీసుకోవడం, స్కాన్ కాకుండానే హార్మోన్ ఇంజెక్షన్ వేయించేయడం. ఈ జబ్బు చాలామందిలో నెమ్మదిగా కదులుతుంది. కొన్ని వారాలు ఆగి పద్ధతిగా పరీక్షలు చేయించుకుంటే సాధారణంగా నష్టం ఉండదు. ఆగకూడని పరిస్థితులు కొన్ని ఉన్నాయి, వాటిని విడిగా చెప్తాను.

ఒక్క విషయం తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. ప్రోస్టేట్ మగవాళ్లకు మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయం కింద, మలద్వారం ముందువైపు, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. వయసుతో వచ్చే వాపు గ్రంథి లోపలి భాగంలో వస్తుంది కాబట్టి నాళాన్ని నొక్కి, ధార సన్నబడేలా, రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేచేలా చేస్తుంది. క్యాన్సర్ ఎక్కువగా బయటి అంచున మొదలవుతుంది. అందుకే మొదట్లో ఏ ఇబ్బందీ తెలియదు. మూత్రం ఇబ్బంది ఉంటే క్యాన్సర్ అనుకోవడం, లేకపోతే క్యాన్సర్ లేదనుకోవడం రెండూ తప్పే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇప్పటిదాకా చేయించిన పీఎస్ఏ రిపోర్టులన్నీ, తేదీల వారీగా. పాతవి దొరికితే బంగారమే.
- వాడుతున్న మందుల జాబితా. రక్తం పలచబరిచే మందులు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి), ప్రోస్టేట్ వాపుకు వాడే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ పేర్లు తప్పకుండా రాయండి.
- షుగర్, బీపీ, గుండె, కిడ్నీ వివరాలు. స్టెంట్ వేశారా, పేస్‌మేకర్ ఉందా.
- ఇంట్లో ఎవరికైనా ప్రోస్టేట్, రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయా, ఏ వయసులో వచ్చాయి.
- ఇదివరకు ప్రోస్టేట్ వాపుకు టర్ప్ ఆపరేషన్ అయి ఉంటే అప్పుడు తీసిన ముక్కల బయాప్సీ రిపోర్టు. ఈ కాగితాన్ని చాలామంది తెచ్చుకోనే తెచ్చుకోరు. క్యాన్సర్ మొదట కనపడేది కొందరికి అందులోనే.
- స్కాన్ల సీడీలు. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లలు అక్కడి డాక్టర్‌కు చూపించాలనుకుంటే ఫిల్మును ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే పనికిరాదు, సీడీలో ఉన్న ఫైళ్లే కావాలి.

1. పీఎస్ఏ మరోసారి చేయించండి

ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన ఏదీ తేలదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం బిగుసుకుపోయి పైపు వేసినా పీఎస్ఏ పైకి లేస్తుంది. ఇన్ఫెక్షన్ తగ్గాక, పైపు వేసి ఉంటే అది తీశాక, కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చేయించండి. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి సంభోగం, సైకిల్ తొక్కడం వద్దు. పరగడుపున వెళ్లాల్సిన పనిలేదు. మొదటిసారి చేయించిన ల్యాబ్‌లోనే మళ్లీ చేయించండి, ల్యాబ్ మారితే అంకె కొంత మారుతుంది. దాంతో పాటు యూరిన్ పరీక్ష కూడా రాయించుకోండి.

జాగ్రత్త: ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ ఆరు నెలలకు పైగా వాడుతున్నవారిలో పీఎస్ఏ సుమారు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 ఉంటే దాన్ని 6గా చదవాలి. ఈ మందు సంగతి డాక్టర్‌కు చెప్పకపోతే "నార్మల్" అనే మాట విని ఇంటికొచ్చేస్తారు.

2. అంకెను ఎలా చూడాలి

4 దాటితే చూపించుకోవాలన్నది మామూలు లెక్క. 4 నుంచి 10 మధ్య ఉన్నవారికి ముక్క తీసి చూస్తే సుమారు నలుగురిలో ఒకరికి క్యాన్సర్ తేలుతుంది. అంటే ముగ్గురికి ఉండదు. 10 దాటితే అవకాశం సగానికి పైనే. 4 లోపు ఉన్నా అసలు లేదని హామీ లేదు.

4-10 మధ్య ఊగుతుంటే "ఫ్రీ పీఎస్ఏ" శాతం చేయించవచ్చు. 10 శాతం కంటే తక్కువుంటే అనుమానం పెరుగుతుంది, 25 దాటితే తగ్గుతుంది. ఇది క్యాన్సర్ ఉందో లేదో తేల్చే పరీక్ష అయితే కాదు, ముందుకు వెళ్లాలా వద్దా అనే నిర్ణయానికి ఒక ఆసరా అంతే.

3. యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి, ముక్కకు ముందే ఎంఆర్ఐ అడగండి

డాక్టర్ గ్లౌజు వేసుకుని మలద్వారం గుండా వేలితో ప్రోస్టేట్‌ను తడిమి చూస్తారు. నిమిషం కూడా పట్టదు. సిగ్గుపడి పెద్దాయన వద్దంటారు, పిల్లలు కూడా ఊరుకుంటారు. దయచేసి ఊరుకోవద్దు. పీఎస్ఏ మామూలుగా ఉన్నా, చేతికి గట్టిగా తగిలే గడ్డతోనే బయటపడే క్యాన్సర్లు ఉన్నాయి.

తర్వాత ప్రోస్టేట్ ఎంఆర్ఐ. ఇందులో పైరాడ్స్ అనే మార్కు 1 నుంచి 5 దాకా ఇస్తారు. 1, 2 అయితే ప్రమాదకరమైన క్యాన్సర్ ఉండే అవకాశం తక్కువ. 3 అటూ ఇటూ కానిది. 4, 5 అయితే ముక్క తీయాల్సిందే. ఎంఆర్ఐ ముందు ఉంటే సూది ఎక్కడ గుచ్చాలో తెలుస్తుంది. ముక్క తీశాక వెంటనే ఎంఆర్ఐ తీస్తే లోపల గడ్డకట్టిన రక్తం వల్ల బొమ్మ మసకబారుతుంది, మళ్లీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాల్సి వస్తుంది. వరుస తప్పవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

పీఎస్ఏ వందల్లో ఉండి, ఎముకల్లో మచ్చలు స్పష్టంగా ఉంటే ఈ వరుస కుదించుకుపోతుంది. అప్పుడు డాక్టర్ తొందరపెడితే వినండి.

4. ముక్క పరీక్ష

"సూది తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అనే మాట పల్లెల్లోనూ ఉంది, బాగా చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. ఆ భయంతో ఆగొద్దు. బయాప్సీ లేకుండా చికిత్స నిర్ణయించడమే అసలు ప్రమాదం.

రెండు దారులు ఉన్నాయి: మలద్వారం గుండా, లేదా వృషణాల సంచికి మలద్వారానికి మధ్య చర్మం గుండా. రెండో దారిలో ఇన్ఫెక్షన్ భయం తక్కువ. షుగర్ ఉన్నవారు, ఈ మధ్యే యాంటీబయాటిక్స్ వాడినవారు దీని గురించి ప్రత్యేకంగా అడగండి. సాధారణంగా 12 చోట్ల నుంచి సన్నని ముక్కలు తీస్తారు, ఎంఆర్ఐలో కనపడ్డ చోట మరికొన్ని.

రక్తం పలచబరిచే మందులను మీరే ఆపేయకండి. స్టెంట్ ఉన్నవారు గుండె డాక్టర్‌ను అడగకుండా క్లోపిడోగ్రెల్ ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత కొన్ని రోజులు మూత్రంలో, మలంలో రక్తపు చారలు, కొన్ని వారాలు వీర్యంలో ఎరుపు ఉండొచ్చు. కంగారు వద్దు. కానీ చలి పుట్టి జ్వరం 100.4 దాటినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా చూడకుండా ఆస్పత్రికి వెళ్లిపోండి. డోలో వేసి పడుకోబెట్టే జ్వరం కాదది.

5. బయాప్సీ రిపోర్టు చదవడం

రిపోర్టు తీసి ఈ లైను వెతకండి: "గ్లీసన్ స్కోర్ 3+4=7, గ్రేడ్ గ్రూప్ 2, 12 కోర్లలో 4 పాజిటివ్."

కోర్లు అంటే సూదితో తీసిన ముక్కలు. గ్లీసన్ మార్కు వాడుకలో 6 నుంచి 10 వరకు ఉంటుంది. కాబట్టి 6 అంటే పదికి ఆరు అనుకుని భయపడకండి, అది అన్నిటికంటే కింది మెట్టు. మొదటి అంకె ఎక్కువగా కనిపించిన కణాల తీరు, రెండోది ఆ తర్వాతిది. అందుకే 3+4, 4+3 రెండూ 7 అయినా ఒకటి కావు. 4 ముందుంటే జబ్బు కాస్త మొండిది. గందరగోళం లేకుండా గ్రేడ్ గ్రూప్ చూడండి:

గ్రూప్ 1 అంటే గ్లీసన్ 6. గ్రూప్ 2 అంటే 3+4. గ్రూప్ 3 అంటే 4+3. గ్రూప్ 4 అంటే 8. గ్రూప్ 5 అంటే 9, 10.

ఎవరైనా ఫోన్‌లో "గ్లీసన్ 7 అట" అంటే, "మూడు ముందా, నాలుగు ముందా?" అని అడగండి. చికిత్స మొదలుపెట్టే ముందు అదే స్లైడ్లను, బ్లాకులను క్యాన్సర్ ఆస్పత్రిలోని పాథాలజిస్టుతో మరోసారి చూపించుకోవచ్చు. మళ్లీ సూది అక్కర్లేదు, ల్యాబ్‌ను అడిగితే బ్లాకులు ఇస్తారు. రెండో అభిప్రాయం కోసం పెట్టే ఖర్చుల్లో నన్నడిగితే దీనికి పెట్టిందే ఎక్కువ ఉపయోగం.

6. పాకిందా లేదా

తక్కువ రిస్కు ఉన్నవారికి సాధారణంగా ఒళ్లంతా స్కాన్లు అక్కర్లేదు (రిస్కు లెక్క తర్వాతి భాగంలో ఉంది). మధ్యస్థంలో పైమెట్టు, ఎక్కువ రిస్కు ఉన్నవారికి బోన్ స్కాన్, సీటీ గానీ, ఆ రెండింటి బదులు ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను ఒళ్లంతా వెతికే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ గానీ చేస్తారు. చిన్న మచ్చలను పట్టుకోవడంలో పెట్ మెరుగు. దీన్ని హార్మోన్ ఇంజెక్షన్‌కు ముందే చేయించుకోవడం మంచిది.

7. పాకకపోతే: మూడు దారులు, ఏది ఎవరికి

ముందు రిస్కు తేల్చుకోండి.

తక్కువ: పీఎస్ఏ 10 లోపు, గ్రేడ్ గ్రూప్ 1, చేతికి తగలని లేదా చిన్న గడ్డ.
మధ్యస్థం: పీఎస్ఏ 10-20, లేదా గ్రూప్ 2, 3.
ఎక్కువ: పీఎస్ఏ 20 పైన, లేదా గ్రూప్ 4, 5, లేదా గ్రంథి పొర దాటిన గడ్డ.

తక్కువ రిస్కు అయితే చాలామందికి సరైన చికిత్స ఏంటంటే కనిపెట్టుకుని ఉండటం. ఆరు నెలలకోసారి పీఎస్ఏ, డాక్టర్ చెప్పినప్పుడు ఎంఆర్ఐ, మళ్లీ బయాప్సీ. జబ్బు కదిలితే అప్పుడు ఆపరేషనో కరెంటో. "క్యాన్సర్ పెట్టుకుని ఊరికే కూర్చోవడమేంటి?" అని బంధువులు నిలదీస్తారు. వాళ్లకు ఈ లెక్క చెప్పండి: బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో 1,643 మందిని మూడు భాగాలు చేసి కొందరిని గమనిస్తూ ఉన్నారు, కొందరికి ఆపరేషన్ చేశారు, కొందరికి రేడియేషన్ ఇచ్చారు. 2023లో వచ్చిన పదిహేనేళ్ల ఫలితాల్లో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు మూడింటిలోనూ నూటికి సుమారు ముగ్గురే. అయితే గమనిస్తూ ఉన్నవారిలో జబ్బు వేరేచోటికి పాకడం నూటికి సుమారు 9 మందిలో, మిగతా రెండిట్లో 5 మందిలో కనిపించింది. కాబట్టి కనిపెట్టుకుని ఉండటమంటే చెకప్‌లు మానకుండా ఉండటం. ఊళ్లో ఉన్న నాన్నగారు సరిగ్గా రారని మీకు తెలిస్తే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఆపరేషన్‌లో ప్రోస్టేట్ మొత్తం తీసేస్తారు. ఇది టర్ప్ కాదు, రెండూ ఒకటే అనుకుని చాలామంది పొరబడుతున్నారు. టర్ప్‌లో నాళానికి అడ్డొచ్చే కండ మాత్రమే గీకుతారు, క్యాన్సర్ అలాగే ఉంటుంది. రోబో అయినా, తెరిచి చేసినా, ఫలితం చేసే డాక్టర్ చేతి అనుభవం మీద ఎక్కువ ఆధారపడుతుంది. "ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?" అని అడగడం తప్పు కాదు. ఇంటికి యూరిన్ పైపుతో పంపుతారు, సుమారు వారం పది రోజులకు తీస్తారు. తర్వాత కొన్నాళ్లు దగ్గినా, లేచినా మూత్రం కారుతుంది. ఎక్కువమందికి మూడు నెలల నుంచి ఏడాదిలో అదుపులోకి వస్తుంది. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని ఐదు సెకన్లు బిగించి వదలాలి, పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఈ వ్యాయామం ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టించండి. పైపు ఉన్నన్నాళ్లూ మాత్రం చేయకూడదు. కడుపు, తొడలు బిగుస్తున్నాయంటే తప్పుగా చేస్తున్నట్టు.

అంగస్తంభన తగ్గడం గురించి పిల్లల ముందు డాక్టర్లు చెప్పరు, పెద్దవాళ్లు అడగరు. అమ్మను, నాన్నను ఇద్దరినే డాక్టర్ దగ్గర కూర్చోబెట్టి మీరు కాసేపు బయటికి రండి. దానికి మాత్రలున్నాయి, కానీ గుండెకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవారు సిల్డెనాఫిల్ రకం మాత్రలు ముట్టుకోకూడదు. బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

రేడియేషన్ అంటే కత్తి లేదు, నొప్పి లేదు, కానీ వారాల తరబడి రోజూ వెళ్లాలి. పాత పద్ధతిలో ఏడెనిమిది వారాలు పట్టేది, ఇప్పుడు చాలామందికి నాలుగు వారాల్లో 20 విడతలతో సరిపోతుంది. ఊరి నుంచి రావాల్సినవాళ్లు ఈ మాట తప్పకుండా అడగండి. మూత్రంలో మంట, విరేచనాల ఇబ్బంది, కొందరికి కొన్నేళ్ల తర్వాత మలంలో రక్తం రావచ్చు. మధ్యస్థం రిస్కులో చాలామందికి నాలుగు నుంచి ఆరు నెలలు, ఎక్కువ రిస్కుకు ఏడాదిన్నర నుంచి మూడేళ్లు హార్మోన్ ఇంజెక్షన్ కూడా తోడు కావాలి.

ఆపరేషన్ తర్వాత అవసరమైతే రేడియేషన్ ఇవ్వొచ్చు. రేడియేషన్ తర్వాత ఆపరేషన్ చాలా కష్టం. వయసులో ఉన్నవారికి ఇది లెక్కలోకి వస్తుంది. 75 దాటి, గుండె బలహీనంగా ఉన్నవారికి అంత ముఖ్యం కాదు. ఏది ఎంచుకున్నా యూరాలజిస్టును, రేడియేషన్ డాక్టర్‌ను ఇద్దరినీ కలిశాకే నిర్ణయించండి. ఒక్కరితోనే మాట్లాడి తేల్చేయడం నాకు సమ్మతం కాదు.

8. పాకితే: చేతులెత్తేయకండి

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా వెన్ను, తుంటి ఎముకల్లోకి పాకుతుంది. అప్పుడు పూర్తిగా నయం చేయడం సాధారణంగా కుదరదు, కానీ ఏళ్ల తరబడి అదుపులో పెట్టొచ్చు. ఈ క్యాన్సర్‌కు మేత మగ హార్మోన్ టెస్టోస్టెరాన్. దాన్ని ఆపితే జబ్బు వెనక్కి తగ్గుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు, దానికి 1966లో నోబెల్ వచ్చింది. ఇవాళ్టికీ చికిత్సకు పునాది అదే.

ఆపడానికి రెండు పద్ధతులు. నెలకో, మూడు నెలలకో ఇంజెక్షన్, లేదా వృషణాలు తీసే చిన్న ఆపరేషన్. ఫలితం రెండింటిలోనూ ఒకటే. ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చు తక్కువ, తేదీ మరిచిపోయే బెడద లేదు. కానీ మనసుకు పట్టే విషయం, వెనక్కి తీసుకోలేనిది. ఆయన ఒప్పుకుంటేనే చేయించండి. డబ్బు లెక్క చూసి ఇంట్లోవాళ్లు నిర్ణయించేసేది కాదు.

లూప్రోలైడ్ రకం ఇంజెక్షన్ మొదటిసారి వేసినప్పుడు హార్మోన్ కొన్నాళ్లు పెరిగి తర్వాత పడుతుంది. వెన్నులో జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. అందుకే ముందుగా కొన్ని రోజులు బైకాలుటమైడ్ మాత్రలు ఇస్తారు, లేదా హార్మోన్ అలా పెరగనివ్వని డెగారెలిక్స్ ఇంజెక్షన్ వాడతారు. ఇచ్చారో లేదో అడగండి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: "ఇంజెక్షన్ ఒక్కటేనా, తోడు మందు ఏది?" పాకిన జబ్బులో మొదటి నుంచే అబిరాటెరాన్, ఎంజాలుటమైడ్ లాంటి మాత్రలో, డోసిటాక్సెల్ కీమోనో కలిపితే ఎక్కువకాలం బతుకుతున్నారని 2015 నుంచి వచ్చిన పెద్ద అధ్యయనాలు తేల్చాయి. అబిరాటెరాన్‌కు మన దేశంలో జెనరిక్‌లు ఉన్నాయి, బ్రాండును బట్టి ధర చాలా మారుతుంది. 1000 మిల్లీగ్రాముల డోసు ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి: తిన్నాక రెండు గంటలు ఆగి, వేసుకున్నాక గంట ఏమీ తినకుండా. అన్నంతో వేసుకుంటే ఒంట్లోకి మందు ఎన్నో రెట్లు ఎక్కువగా వెళ్తుంది. కొందరు డాక్టర్లు తక్కువ డోసును కావాలనే భోజనంతో రాస్తారు. చీటీలో ఏముందో అదే చేయండి. పక్క బెడ్ ఆయన చెప్పింది చేయకండి. దాంతో ఇచ్చే ప్రెడ్నిసలోన్ మాత్ర "స్టెరాయిడ్ కదా" అని మానేయవద్దు. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు చూపించుకుంటూ ఉండాలి.

హార్మోన్ తగ్గితే ఒళ్లంతా వేడి ఆవిర్లు, కండ కరగడం, షుగర్ పెరగడం, ఎముకలు పలచబడటం, దిగులు వస్తాయి. రోజూ నడక, కాస్త బరువులెత్తే వ్యాయామం నిజంగా పనిచేస్తాయి. ఎముకలు గట్టిపడటానికి ఇచ్చే ఇంజెక్షన్లకు ముందు పళ్ల డాక్టర్‌కు చూపించండి. ఆ ఇంజెక్షన్లు మొదలయ్యాక పన్ను పీకిస్తే దవడ ఎముక దెబ్బతినొచ్చు.

ఒక్కరోజు కూడా ఆగకూడనివి

వెన్నునొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కడం, నడుస్తుంటే తూలడం, మూత్రం గానీ మలం గానీ అదుపు తప్పడం. వెన్నుపాము నొక్కుకుపోతోందని అర్థం. కాళ్లు పడిపోయాక తిరిగి రావడం కష్టం. ఆ రోజే ఎంఆర్ఐ ఉన్న పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లండి. ముసలితనపు నడుం నొప్పి అనుకుని తైలం రాసుకుంటూ, కట్టు కట్టించుకుంటూ కూర్చోవద్దు.

9. చికిత్స పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఆపరేషన్ అయితే: ఆరు నుంచి ఎనిమిది వారాలకు పీఎస్ఏ దాదాపు సున్నా కావాలి. తర్వాత రెండుసార్లు వరుసగా 0.2 లేదా అంతకు మించితే జబ్బు తిరిగొచ్చినట్టు. "0.3యే కదా, 4 లోపే ఉంది" అనుకోవడం పెద్ద పొరపాటు. ల్యాబ్ కాగితంలో పక్కనుండే "0-4 నార్మల్" ప్రోస్టేట్ తీసేసినవారికి వర్తించదు.

రేడియేషన్ అయితే: ఏడాదిన్నర, రెండేళ్లు మెల్లగా దిగుతుంది. మధ్యలో కాస్త లేచి మళ్లీ దిగడం కూడా ఉంటుంది. అన్నిటికంటే తక్కువగా వచ్చిన అంకె మీద 2 పెరిగితే అప్పుడు అనుమానించాలి.

హార్మోన్ అయితే: పీఎస్ఏతో పాటు టెస్టోస్టెరాన్ కూడా చూపించండి, 50 (ng/dL లెక్కలో) లోపు ఉండాలి. ఆరేడు నెలలకు పీఎస్ఏ 0.2 లోపుకు వస్తే మంచి సూచన. టెస్టోస్టెరాన్ తక్కువే ఉండి పీఎస్ఏ పెరుగుతుంటే మందు మార్చే సమయం వచ్చింది. వేరే మాత్రలు, కీమో, లుటీషియం (రేడియోధార్మిక మందు ఇంజెక్షన్) ఉన్నాయి. బీఆర్‌సీఏ జన్యు లోపం తేలితే ఒలాపరిబ్ ఉంది. పీఎస్ఏ బాగుంది కదా అని ఇంజెక్షన్ ఎగ్గొట్టకండి, బాగుండటానికి కారణం ఆ ఇంజెక్షనే. చెట్ల మందు మొదలుపెడితే కనీసం డాక్టర్‌కు చెప్పండి, అసలు చికిత్స మాత్రం ఆపకండి.

డబ్బు, ఆస్పత్రి

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కింద 5 లక్షల వరకు కార్డు 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు. పథకం అనుమతి రాకముందే సొంత డబ్బు కట్టేయకండి, ముందు ఆస్పత్రిలోని పథకం కౌంటర్‌లో ఏ మందు, ఏ చికిత్స దాని కిందికి వస్తుందో అడగండి. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే, పంజాగుట్ట నిమ్స్, విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా ఆస్పత్రి ప్రైవేటు ఖర్చు భరించలేనివారు ముందుగా చూడాల్సినవి.

10. ఇంట్లో మిగతా మగవాళ్లు

తండ్రికో అన్నకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే మీకు రిస్కు సుమారు రెండింతలు. మామూలుగా 50 ఏళ్లకు పీఎస్ఏ గురించి డాక్టర్‌తో మాట్లాడతారు, మీరు 45 నుంచే మాట్లాడండి. ఇంట్లో ఒకరికి మించి వచ్చినా, చిన్న వయసులో వచ్చినా, రొమ్ము, అండాశయ క్యాన్సర్లు కూడా ఉన్నా 40 నుంచే. నాన్నగారికి జన్యు పరీక్షలో బీఆర్‌సీఏ లోపం తేలితే కొడుకులతో పాటు కూతుళ్లు కూడా ఆ పరీక్ష చేయించుకోవాలి.